ఆడిలో పెట్టిన ఆర్డర్

ఆడి నెలలో, అంటే తమిళుల ఆషాఢంలో, కొత్త వస్తువు ఇంటికి రాకూడదని, ఆవణి పుట్టాకే రావాలని మా అమ్మ పట్టు. ఇప్పుడే రావడం లేదు, ఆర్డర్ మాత్రమే పెడుతున్నానని నా వాదన. గుడియాత్తం బజారులో మా లుంగీల అంగడి వెనక గదిలో, మధ్యాహ్నం అన్నం క్యారియర్ చుట్టూ కూర్చుని, ఇంటిల్లిపాదీ దీని మీద మాట్లాడుకున్నాం. చివరికి తేల్చింది మా అన్న రాజ్‌మోహన్.

"ఆర్డర్ పెట్టేదంటే అడిగేదే కదమ్మా. అడిగేదానికి ఆడి ఏంది, ఆవణి ఏంది? పెట్టె వచ్చినాక పసుపు రాసి లోపలికి తెద్దాం. మారియమ్మకు వీడి తరఫున ఒక కుండ అంబలి పోయిస్తా. సరిపోయిందా?"

అమ్మకు సరిపోలేదు. "అమ్మేవాళ్ళు ఎప్పుడైనా అమ్ముతారు. మనం కదా ఆలోచించుకోవాల్సింది," అంది.

నాన్న మజ్జిగన్నం కలుపుకుంటూ తల ఎత్తకుండానే, "ఆడి తళ్లుబడి అని మనం మాత్రం బోర్డు కట్టలేదా? రేటు తగ్గించినామని నెలంతా జనం వచ్చి కొత్త లుంగీలే కొంటా ఉండారు. వాళ్ళకు అమ్మలు లేరా?" అన్నాడు.

వదిన రంజిత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ కూడా నవ్వేసింది. అలా నా ఆర్డర్‌కు అనుమతి దొరికింది.

మా ఇంట్లో కాలేజీకి పోయినవాణ్ణి నేనొక్కణ్ణే. వేలూరులో సివిల్ ఇంజనీరింగ్ చదివాను. చదువు ముగిశాక అక్కడా ఇక్కడా ఇళ్ళ ప్లాన్లు గీసి ఇస్తూ ఉండగా, చెన్నైలో ఒక చిన్న కంపెనీ వాళ్ళు పరీక్ష పెట్టి నన్ను ఎంచుకున్నారు. కట్టబోయే భవనాన్ని ముందుగానే కంప్యూటర్‌లో కట్టి, గది గదీ తిప్పి చూపించడం వాళ్ళ పని. ఆఫీసుకు పోనక్కర్లేదు, ఇంటి నుంచే చేయవచ్చు. ఒకటే షరతు పెట్టారు. ఆ పని మోయగల కంప్యూటర్ నాకు సొంతంగా ఉండాలి. ఆగస్టు మొదటి సోమవారంలోపల దాన్ని బిగించి, నడిపి చూపించాలి. లేకపోతే సీటు నా తర్వాత ఉన్నవాళ్ళకు పోతుంది. నా దగ్గరున్న పాత లాప్‌టాప్ ఆ సాఫ్ట్‌వేర్ తెరవగానే దోసె పెనంలా కాగి ఆరిపోయేది.

కొత్త కంప్యూటర్‌కు, దాని రెండు మానిటర్లకు సగం డబ్బు నేను ప్లాన్లు గీసి దాచుకున్నది. సగం అన్న ఇచ్చాడు, అడగకుండానే. ఆర్డర్ అంగడి పేరు మీద పెడదామన్నది మాత్రం నేనే. మా బజారులో ఎవరైనా అంతే, ఫ్యాన్ కొన్నా మిక్సీ కొన్నా అంగడి పేరు మీదే బిల్లు వేయిస్తారు. కట్టిన జీఎస్‌టీ లెక్కల్లో వెనక్కి వస్తుంది. అంగడి ఖాతా అన్న ఫోన్‌లో ఉంది కనుక ఆర్డర్ ఆ ఫోన్ నుంచే వెళ్ళింది. పెట్టె ఎక్కడిదాకా వచ్చిందనే కబురు గానీ, తెచ్చినవాడికి చెప్పాల్సిన ఓటీపీ గానీ ఆ ఫోన్‌కే రావాలి. ఇంటికి ఏది కొన్నా పెద్దవాళ్ళ నంబరు మీద కొనడం మాకు ఎంత అలవాటంటే, అందులో ఆలోచించవలసింది ఏదైనా ఉంటుందని కూడా నాకు తోచలేదు.

అంతా నింపాక అన్న ఫోన్ నా ముందుకు జరిపాడు.

"నువ్వే నొక్కురా. ఉద్యోగం నీది."

నొక్కాను. ఆ సంతోషంలో, ఆర్డర్ నంబరుతో సహా ఆ తెరను నా ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను.

వస్తుందన్న రోజు ఉదయం నుంచి అంగడి మెట్ల మీదే ఉన్నాను. వచ్చిన ప్రతి వ్యానునూ లేచి చూశాను. ఆడి గిరాకీ, లోపల కాలు పెట్టే చోటు లేదు. "వ్యాన్ల మీద ఒక కన్ను పెట్టినావు సరే, రెండో కన్ను ఈ తువ్వాళ్ళ మీద పెట్టు నాయనా," అని నాన్న రెండుసార్లు పిలిచాడు. సాయంత్రమైంది. వ్యాను రాలేదు.

"ఆలస్యమంటరా," అన్నాడు అన్న, ఫోన్ చూసుకుంటూ. "వానలంట. గోడౌన్‌లోకి నీళ్ళు వచ్చేసినాయంట."

"యాడ వానలు?"

"యాడో. బొంబాయి పక్క అనుకుంటా."

"ఫోన్ ఇట్ల ఇవ్వన్నా, నేను అడుగుతాను."

"నువ్వు సార్, ప్లీజ్ సార్ అంటావు. వాళ్ళకు అది ఎక్కదు. ఉండు."

అన్న నంబరు నొక్కి, ఫోన్ చెవికి పెట్టుకుని మెట్లు దిగి రోడ్డు అంచున నిలబడ్డాడు. ఆ తర్వాత తమిళంలో మొదలుపెట్టాడు. ఈ రోజు తెస్తామని చెప్పి ఇదేనా జవాబు అన్నాడు. "మేనేజర్ కిట్ట కుడుంగ, నాన్ పేసరేన్," అని మేనేజర్‌ను పిలవమన్నాడు. మధ్యలో ఆగి విన్నాడు, తల అడ్డంగా ఊపాడు, మళ్ళీ గొంతు పెంచాడు. నా తమ్ముడు కష్టపడి చదివి తెచ్చుకున్న ఉద్యోగం ఇది, మీవల్ల పోతే మీరిస్తారా అని అడిగాడు. ఎదురుగా పూలమ్మే ఆమె మాల కట్టడం ఆపి చూసింది. అన్న మెడ మీద చెమట కారి చొక్కా కాలరు తడిసిపోయింది.

నాకోసం ఒక మనిషి అలా బజారులో నిలబడి గొంతు చించుకోవడం నేను అంతకుముందు చూడలేదు. పక్క కొట్టుకు పోయి పన్నీర్ సోడా తెచ్చి చేతికిచ్చాను. సగం తాగి సగం నాకే ఇచ్చాడు.

"నాలుగు దినాల్లో వస్తాదిలే. బయపెట్టి వదిలినా," అన్నాడు.

నాలుగు రోజులు పోయాయి, ఇంకో నాలుగూ పోయాయి. నా నంబరు నుంచి కస్టమర్ కేర్‌కు చేస్తే, ఆర్డర్ ఏ నంబరు మీద ఉందో ఆ నంబరు నుంచే చేయమని పెట్టేశారు. అన్నను అడిగితే, "మాట్లాడినా కదరా," అనేవాడు. ఆ రోజుల్లో అన్న వసూళ్ళని వేలూరు ఎక్కువగా పోతుండేవాడు. అక్కడినుంచి మెసేజ్ పెట్టేవాడు. మా ఇంట్లో తెలుగు మాట్లాడటమే గానీ చదవడం వాళ్ళకెవరికీ రాదు. అన్న తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో టైపు చేస్తాడు. "ఇంకా రాలేదు. రేపు." అంతే ఉండేది. నేను దాన్ని పదిసార్లు చదువుకునేవాణ్ణి.

మొదటి సోమవారం గడిచింది. కంపెనీలో నాతో మాట్లాడే ఆమె పేరు మీనా. నా కష్టం విని, సార్‌ను అడిగి ఇంకో గడువు ఇప్పించింది. "ఇంక నేను అడగలేను తంబి, ఇదే చివర," అని ముందే చెప్పింది.

ఇంట్లో అందరూ నామీద ఎంత ప్రేమగా ఉన్నారో చెప్పలేను. అమ్మ పిలవకుండానే వడలు వేసి పెట్టేది. వదిన నా చొక్కాలు ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించేది. మూటలు మోయడానికి నాన్న నన్ను కేకేయడం మానేశాడు. నేను గదిలోకి రాగానే మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆగిపోయి, కూర బాగుందా అనో, ఎండ ఎట్లుందనో మొదలుపెట్టేవాళ్ళు. నా బాధ గురించే మాట్లాడుకుంటున్నారని అనుకున్నాను.

"పోనీలే నాయనా," అంది అమ్మ ఒకరోజు, నా తలకు నూనె అంటుతూ. "ఆవణిలో వస్తే ఇంకా మంచిదే కదా."

"ఆవణిలో వస్తే ఉద్యోగం ఉండదమ్మా."

"లోకంలో అదొక్కటేనా?"

"నాకిప్పుడు అదొక్కటే."

అమ్మ గిన్నె దగ్గరికి లాక్కుంది. తర్వాత మళ్ళీ నూనె అంటింది.

రెండో గడువూ దాటింది. మర్నాడు శుక్రవారం, ఆడిలో చివరి శుక్రవారం. ఉదయమే మీనా ఫోన్ చేసింది. సీటు వేరేవాళ్ళకు ఇవ్వమని సార్ చెప్పారంది. తర్వాత గొంతు తగ్గించి, "ఒక పని చేయి తంబి. ఆలస్యం కొరియర్ వాళ్ళదేనని వాళ్ళ చేత రాయించుకుని సాయంత్రంలోపల పంపు. అది చూపించి ఒక్కసారి అడుగుతా. మాట ఇవ్వలేను, అడుగుతా," అంది.

అన్న అప్పటికే వసూళ్ళకు పోయాడు. అమ్మా వదినా విరించిపురం గుడికని మొదటి బస్సుకే బయలుదేరారు. అంగట్లో నాన్న ఒక్కడే ఉన్నాడు. వేలూరు కొరియర్ గోడౌన్‌కు పోయివస్తానని చెప్పాను.

"ఈ ఎండలో నువ్వెందుకురా. రేపు అన్న పోతాడులే."

"ఈ సాయంత్రంలోపల కావాల నాన్నా. రేపంటే పనికిరాదు."

నాన్న నా ముఖం చూశాడు. గల్లాపెట్టె లాగి, నేను వద్దంటున్నా బస్సుకు డబ్బులు నా జేబులో పెట్టాడు. ఇంకేదో చెప్పబోయాడు. ఇంతలో గిరాకీ వస్తే అటు తిరిగాడు.

కొరియర్ గోడౌన్ వేలూరు ఊరి చివర రేకుల షెడ్డు. ధనశేఖర్ అనే ఆయన దానికి ఇన్‌చార్జి. నా తమిళం విని, "తెలుగోళ్ళా?" అని అడిగి తెలుగులోకి దిగాడు. వాళ్ళది చిత్తూరు పక్క అట. నేను బస్సులో తయారు చేసుకున్న మాటలన్నీ ఒప్పజెప్పాను. నాకు నష్టపరిహారం వద్దు. ఎవరి ఉద్యోగమూ పోవాలని లేదు. ఆలస్యం మా వల్ల జరిగిందని ఒక్క కాగితం రాసి సంతకం పెట్టండి, చాలు.

ఆయన నా ఫోన్‌లోని ఫోటో చూసి నంబరు కొట్టాడు.

"ఇది ఇచ్చేసినాం కదప్పా."

"ఎవరికి?"

"ఓటీపీ చెప్పినవాళ్ళకు."

"ఎప్పుడు?"

"శానా దినాలైందే. జులై దాటకముందే, ఆడి పదునెట్టు పండక్కు ముందే ఇచ్చేసినారు."

నాకు కోపం వచ్చింది. బతుకులో మొదటిసారి పరాయి మనిషి మీద అరిచాను. మీవాళ్ళే ఎవరో కాజేసి ఇచ్చేశామని రాసుకున్నారన్నాను. మాది గుడియాత్తమని, గడప దాటకుండా కాచుకుని ఉన్నామని, పోలీసు స్టేషన్‌కు పోతానని అన్నాను. పెట్టెలు సర్దుతున్నవాళ్ళు ఆగి చూశారు. ధనశేఖర్ మాత్రం కుర్చీ నావైపు తోశాడు.

"కూర్చోప్పా. అరిస్తే పెట్టె వస్తాదా? డెలివరీకి తీసుకుపోయినోణ్ణే అడుగుదాం."

ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. అవతలివాడు తమిళంలో, బండి చప్పుడు మధ్య గట్టిగా చెప్పాడు. ఆ మూడు పెట్టెలూ తొరపాడిలో ఇచ్చానన్నాడు. గుడియాత్తం వద్దు, వేలూరులోనే ఇవ్వండని వాళ్ళే చిరునామా మార్చారట. కొత్త అంగడి, బోర్డు ఇంకా పెట్టలేదు, రంగులు వేస్తున్నారు. ఒకాయన దగ్గరుండి దించుకున్నాడు. "మెల్లగా దించన్నా, మా తమ్ముడిది అన్నాడు సార్. టీ కూడా ఇప్పించాడు. ఏం, ఏమైనా తగ్గిందా?"

"ఏమీ తగ్గలా," అని ధనశేఖర్ ఫోన్ పెట్టేశాడు. కాసేపు టేబుల్ మీది టేపు చుట్టను అటూ ఇటూ తిప్పాడు.

"నీకు అన్న ఉండాడా?"

"ఉండాడు."

"అయితే ఇంట్లో అడుగప్పా," అన్నాడు. నీళ్ళ సీసా ముందుకు జరిపాడు. నేను తాగాను. అరిచినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి బయటికి వచ్చాను.

తొరపాడి పోయేదాకా ఆటోలో నా మనసు అన్న తరఫునే వాదించింది. నన్ను ఆశ్చర్యపరచాలని దాచాడేమో అంది. తొరపాడిలో నాకొక ఆఫీసు గది చూశాడేమో అని కూడా అంది. అన్న సగం డబ్బు ఇచ్చినవాడు. బజారులో నాకోసం అంత గొడవపడినవాడు.

అంగడి దొరకడం కష్టం కాలేదు. షట్టరు సగం ఎత్తి ఉంది, లోపలినుంచి పచ్చి రంగు వాసన. వంగి లోపలికి పోయాను. అమ్మ చీర ఎగదోపుకుని చీపురుతో రంగు పెచ్చులు ఊడుస్తోంది. వదిన అరల్లో పేపర్లు పరుస్తోంది. మూలన నా పెట్టెలు మూడు, రంగు చుక్కలు పడకుండా మీద పాత లుంగీ కప్పి ఉన్నాయి. లుంగీ అంచు కింద, అట్టల మీద, పసుపు బొట్లు కనిపించాయి.

అమ్మ నన్ను చూసింది. చీపురు చేతిలోనే ఉంది.

"తిన్నావా నాయనా?"

"విరించిపురం పోలేదామ్మా?"

"పోయినాము. పొద్దున్నే దండం పెట్టుకోని, ఇట్ల వచ్చినాము."

వదిన స్టూలు తుడిచి వేసింది. "కూర్చో గిరీ," అంది. నేను కూర్చోలేదు. అప్పుడే అన్న, కవర్లో పార్సిల్ టీ పట్టుకుని షట్టరు కింద నుంచి వంగి వచ్చాడు. నన్ను చూసి లేచి నిలబడటానికి ఒక్క క్షణం పట్టింది.

"సీలు కూడా తీయలేదురా," అన్నాడు. అదే మొదటి మాట. "కావాలంటే చూడు. ఆవణిలో నీకే ఇచ్చేద్దామని పెట్టినా."

"ఎందుకన్నా?"

టీ కవరు అరలో పెట్టాడు. "ఈ అంగడి ఆడి పుట్టినాకే దొరికింది. వెంటనే అడ్వాన్స్ ఇయ్యకుంటే ఇంకొకరు ఎత్తుకుపోతారు. నేను ఇక్కడికొచ్చేస్తే అక్కడ నాన్న ఒక్కడు. నువ్వు ఆ ఉద్యోగంలో చేరితే పొద్దుగూకులూ మేడమీద తలుపేసుకోని కూర్చుంటావు. ఇంగ గుడియాత్తం అంగడి ఎవరు చూసుకుంటారు?"

"ఆ మాట నాతో అనింటే అయిపోయేది కదా."

"అంటే నువ్వు ఒప్పుకునేవాడివా?"

"అడిగినావా?"

అమ్మ మధ్యలోకి వచ్చింది. "ఆడి నెలలో కొత్త అంగడి మాట పైకి అనకూడదని మేమే నోరు కట్టుకున్నాము నాయనా. మంచి మాట చెడు నెలలో అంటే నిలబడదు. ఆవణి మొదటి ముహూర్తానికి నీకు అన్నీ చెప్పాలనే ఉండాము."

"మీరు మీరు చెప్పుకున్నారు కదమ్మా. నాకొక్కడికే చెప్పలేదు."

అమ్మ చీపురు గోడకు ఆనించింది. అది జారి పడింది. ఎవరూ తీయలేదు.

"నన్ను పదో తరగతితో ఆపి గల్లాపెట్టె ముందర కూర్చోబెట్టిన పొద్దు నన్నెవరు అడిగినారురా?" అన్నాడు అన్న. గొంతు పెంచలేదు. "నువ్వు చదవాలంటే ఎవరో ఒకరు అంగట్లో కూర్చోవాల. కూర్చున్నా. ఒక్క పొద్దు నీకు గుర్తు చేసినానా? నా పేరు మీద ఒక బోర్డు పెట్టుకోవాలని నాకూ ఉండాది. తప్పా?"

తప్పు కాదు. ఆ మాటే అన్నాను. "అంగడి పెట్టుకోవడం తప్పు కాదన్నా. ఆ పొద్దు మన మెట్ల ముందర నిలబడి ఎవరితో గొడవపడినావు?"

అన్న టీ కవరు వైపు చూశాడు. కవరుకు కట్టిన దారం విప్పబోయి వదిలేశాడు.

"ఎవరితోనూ లేదు," అన్నాడు. "ఊరికే చెవికి పెట్టుకున్నా."

వదిన అరల వైపు తిరిగి పేపర్లు పరచసాగింది, పరిచిన చోటే మళ్ళీ.

ఆ సమయానికే నా ఫోన్ మోగింది. మీనా. అంత చిన్న గదిలో ఆమె మాట అందరికీ వినపడింది. కాగితం దొరికిందా తంబి అని అడిగింది. సార్ ఇంకో గంటలో బయటికి పోతారంది.

"లేదు మేడం. కొరియర్ వాళ్ళ తప్పు కాదు."

"మరి ఎవరిది?"

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. పెట్టెలు పక్కనే ఉన్నాయి. ఇప్పుడే దొరికాయని అనవచ్చు. దొరికింది ఎక్కడ, ఎవరి దగ్గర అని ఆమె అడుగుతుంది. ఆ జవాబు బయటి మనిషికి చెప్పే అలవాటు మా వంశంలో లేదు.

"నాదే మేడం. ఆర్డర్‌కు ఇవ్వాల్సిన నంబరు తప్పు ఇచ్చినాను."

"ఇంత చిన్నదానికా తంబి," అంది ఆమె. నిజంగా బాధపడింది. ఇంక చేసేదేమీ లేదని చెప్పి పెట్టేసింది.

అమ్మ ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. ఏడుపు కాదు అది. గండం గడిచాక వదిలే ఊపిరి. ఆ రోజు జరిగినవాటిలో నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది అదే.

"తీసుకుపోరా," అన్నాడు అన్న. "ఆటో పిలుస్తా. బస్సులో నేనే ఎక్కిస్తా."

"దేనికింక?" అన్నాను. షట్టరు కింద వంగి బయటికి వచ్చేశాను.

నేను గుడియాత్తం చేరేసరికి నాన్నకు ఫోన్ వచ్చేసి ఉంది. అంగట్లో ఎవరూ లేరు. నన్ను చూసి కళ్ళద్దాలు తీసి తుడిచాడు.

"నీకూ తెలుసా నాన్నా?"

"అడ్వాన్స్ ఇచ్చిందే నేను కదరా," అన్నాడు. ఆ తర్వాత, "పొద్దున నీకు చెప్పేసుండేవాణ్ణి. గిరాకీ వచ్చింది," అన్నాడు.

ఆవణి పుట్టింది. మొదటి ముహూర్తానికి తొరపాడిలో అన్న బోర్డు పెట్టాడు. ముందురోజు ఫోన్ చేసి, ఆ కంప్యూటర్ బిల్లింగ్‌కు వాడుకోనా అని అడిగాడు. వాడుకో అన్నాను. బిగించడం ఇంకెవరికీ రాదు కనుక నేనే పోయి బిగించాను. పెద్ద పెద్ద భవనాలు మోయడానికి కొన్న యంత్రంలో లుంగీలు, తువ్వాళ్ళు, పంచెలు అని మూడు వరుసలు ఎక్కించాను. రెండో మానిటర్ అక్కర్లేదని అన్న దాన్ని పెట్టెలోనే ఉంచి వెనక గదిలో పెట్టాడు. వచ్చినవాళ్ళు కంప్యూటర్‌ను మెచ్చుకుంటుంటే, నా భుజం మీద చేయి వేసి, "మా తమ్ముడి కానుక," అని చెప్పాడు. నేను ఆ చేయి తీయలేదు. పాయసం తాగి నాన్నతో బస్సెక్కి వచ్చేశాను.

అప్పటినుంచి గుడియాత్తం అంగట్లో గల్లాపెట్టె ముందు నేను కూర్చుంటున్నాను. పని నాకు కొత్త కాదు. గిరాకీతో మాట్లాడేటప్పుడు నవ్వు వస్తుంది కూడా. ఇంట్లో అందరూ మళ్ళీ మామూలుగా ఉన్నారు. అమ్మ వడలు మానేసింది. నాన్న మూటలకు కేకేస్తున్నాడు. జరిగినదాని గురించి ఒక్క మాట కూడా రాదు. అయిపోయిందని అందరూ అనుకున్నట్టే ఉంది.

ఆవణి చివరలో పెళ్ళిళ్ళ గిరాకీ. ఒక మధ్యాహ్నం తిరువలం నుంచి పూర్ణచంద్ర మామ వచ్చాడు. అక్కడ చిన్న బట్టల కొట్టు ఆయనది, నాన్నకు వరసకు బావ అవుతాడు. నెలకొకసారి వచ్చి సరుకు తీసుకుపోతాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగి నాన్నతో అన్నాడు.

"ఏమప్పా గుణశేఖరం, ఇంజనీరును గల్లాపెట్టెకు కట్టేసినావే."

నాన్న మూట కడుతున్నాడు. చేతులు ఆపకుండానే చెప్పాడు. "నేనేడ కట్టేసినా బావా. వాడే వచ్చి కూర్చున్నాడు. మెడ్రాసు కంపెనీలో ఉద్యోగం, చేతికొచ్చింది. అన్న వేలూరు పోతా ఉండాడు, నువ్వు ఒక్కడివైపోతావు నాన్నా, నాకు ఆ ఉద్యోగం వద్దు అనేసినాడు. ఎంత చెప్పినా వినలా. కొనుక్కున్న కంప్యూటర్ కూడా అన్నకే ఇచ్చేసినాడు."

తడబడకుండా చెప్పాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు. ఈ కథ చెప్పడం ఇది మొదటిసారి కాదని అర్థమైంది. బహుశా బజారులో సగం మందికి తెలిసి ఉంటుంది. ఇంకో ఏడాది పోతే అమ్మా అన్నా కూడా ఇదే నమ్ముతారు. ఆ తర్వాత నేను వేరేది చెప్పినా, వీడికేదో గుర్తు తప్పిందంటారు.

పూర్ణచంద్ర మామ కళ్ళు చెమర్చాయి. "నీ పుణ్యమప్పా. మా ఇంట్లోనూ ఉండారు ఇద్దరు. ఫోన్ పట్టుకున్నారంటే అన్నానికి పిలిచినా పలకరు." నావైపు తిరిగాడు. "నిజంగానే వద్దన్నావా నాయనా? మనసులో ఏమీ పెట్టుకోకుండానే?"

నాన్న చేతిలో తాడు ఆగింది.

"నేను వద్దనలేదు మామా," అన్నాను. "కంప్యూటర్ చెప్పిన దినానికే వచ్చింది. ఇంట్లో అందరూ కలిసి నాకు తెలియకుండా దాచినారు. గడువు దాటిపోయింది. ఉద్యోగం అట్ల పోయింది."

గొంతు పెంచలేదు. లుంగీ రేటు చెప్పినట్టే చెప్పాను.

మామ నావైపు చూశాడు, నాన్నవైపు చూశాడు, పైన ఫ్యాన్ వైపు చూశాడు. "సరే సరే. మూట ఇచ్చేయప్పా, బస్సుకు పొద్దయింది," అన్నాడు. నాన్న ముడి వేశాడు. ముడి జారింది. విప్పి మళ్ళీ వేశాడు. మామ మూట భుజాన వేసుకుని, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే మెట్లు దిగిపోయాడు.

నాన్న చాలాసేపు రోడ్డువైపే తిరిగి నిలబడ్డాడు. తిరిగి చూసినప్పుడు ముఖంలో కోపం లేదు. ఇంట్లోవాడు పదిమందిలో చొక్కా పట్టుకు లాగితే ఎలా ఉంటుందో అలా ఉంది.

"బయటి మనిషికి చెప్పాల్నారా ఆ మాట?"

"ఆయన అడిగినాడు నాన్నా," అన్నాను.